కాపలా ముక్క

షెఫీల్డ్‌లో, పాత ఉక్కు ఫ్యాక్టరీల వెనక సందులో
ఈడిత్ హాలమ్ కొట్టుకి బోర్డు లేదు.
కిటికీలో ఒక బొమ్మ రైలు మాత్రం
ఇప్పుడే బయలుదేరబోతున్నట్టు
ఏళ్ల తరబడి ఆగి ఉండేది.

పదకొండేళ్ల నేను
బూట్ల డబ్బాలో తాత ఇంజను పెట్టుకుని వెళ్లాను.
అప్పటికే అది ముక్కలు.
విప్పడం నాకు బాగా వచ్చు.
ఆ వయసులో విప్పడమే వచ్చు.

"మోటారు లాగేశావా?"
లాగేశాను.
ఆర్మేచర్ గుడ్డలో, బ్రష్షులు అగ్గిపెట్టెలో,
అయస్కాంతం నా జేబులో ఒంటరిగా,
తాళంచెవి, చిల్లర, చూయింగ్ గమ్ రేకుతో.

తిట్టలేదు. నుదుటి మీది కళ్లద్దాలు దించుకుని
దానికొక మేకు చూపించింది.
మేకు కదిలింది, వెళ్లి అంటుకుంది,
కానీ బద్ధకంగా,
రెండోసారి పిలిస్తే గానీ లేవని పిల్లాడిలా.

"ఇందులోంచి ఏం పోయింది?"
"తూచి చూడు. ఏమీ పోలేదు."

కరెంటు బిల్లు వెనకవైపు ఇనుప రజను చల్లుతూ చెప్పింది:
లోపల చిన్న చిన్న పేటలుంటాయి నాజీ,
ఒక్కో పేటలో అందరి మొహాలూ ఒకవైపే,
పేటకీ పేటకీ మాత్రం పడదు.
మామూలు ఇనుమంటే అదే, ఎవరి గోల వాళ్లది.
ఎర్రగా కాలిన పోతని
పెద్ద బలం పక్కన కూచోబెట్టి చల్లారిస్తే
అన్నీ ఒకే దిక్కుకి సర్దుకుంటాయి.
ఇంకోసారి గట్టిగా చెబితే ఆ దిక్కే చూస్తాయి,
మాట మీద నిలబడతాయి.
దాదాపు.

ఆ 'దాదాపు' దగ్గర గొంతు తగ్గించింది.

ఈ చివర బయలుదేరిన బలం ఆ చివరికి చేరాలి.
మధ్యలో ఇనుము ఉన్నన్నాళ్లూ దగ్గర దారి.
నువ్వు ఆర్మేచర్ పీకేశావు,
ఇక గాలిలో చుట్టు తిరిగి పోవాలి.
సూదంటురాయికి గాలంత కష్టమైన దారి లేదు,
దాని బలమే దానికి ఎదురు తిరుగుతుంది,
కొన్ని పేటలు మొహం తిప్పుకుంటాయి.

"మరి తీయకుండా బాగుచేసేదెలా?"

సొరుగులోంచి వేలెడంత మెత్తని ఇనుము తీసింది,
అంచులు అరిగి నున్నగా ఉంది.
"కాపలా ముక్క.
ఇది రెండు కొసలూ తాకాకే
అది కదలాలి. మధ్యలో రెప్పపాటు ఖాళీ కూడా వద్దు."

డబ్బా మూత మీద పేరు చదివింది.
ముస్‌ఇద్ సాలిహ్.
"మూడో కొలిమి ముస్‌ఇదా?"

నాకేం తెలుసు.
ఇంట్లో ఆయన చెప్పింది ఒక్కటే: అక్కడ వేడి.

అల్యూమినియం, నికెల్, కోబాల్ట్,
వేళ్ల మీద లెక్కపెట్టింది పచారీ సరుకుల్లా.
ఆయన పోసేవాడు, నేను పరీక్ష బల్ల దగ్గర.
ఆయన పోతల్లో నేను పక్కన పెట్టినవి తక్కువ.
ఒక్కసారి ఒకటి పెడితే
వారం రోజులు నాకు టీ పోయలేదు.

మోటారు బిగించింది.
ఆర్మేచర్ లోపల ఉండగానే
పెద్ద రాగి తీగచుట్టలో కూర్చోబెట్టి
మీట నొక్కింది.
దబ్‌మని ఒక్క చప్పుడు,
కొట్టులో బల్బు కన్ను కొట్టింది. అంతే.
మేకు ఈసారి గాలిలోంచే దూకి
ఆమె వేలు కొరికింది.
నవ్వుతూ రక్తం చప్పరించింది.

పట్టాల మీద పెట్టి మీటరు చూపించింది:
నీరసపు అయస్కాంతం ఉన్న మోటారు
ఎక్కువ తిని తక్కువ లాగుతుంది, ఊరికే వేడెక్కుతుంది.
సూది కిందికి దిగి నిలిచింది.
ఇంజను మీద చెయ్యేశాను. చల్లగా ఉంది.

నాలుగు పౌన్లు తీసుకుంది.
కాపలా ముక్క ఊరికే ఇచ్చింది,
"వాపసు తేకు, నువ్వు మళ్లీ విప్పుతావు" అని.

తాత ఇంజనుని చెవి దగ్గర పెట్టుకుని
చాలాసేపు విన్నాడు.
"నూనె ఎక్కువైంది," అన్నాడు.
తర్వాత ఇనుప ముక్కని బొటనవేలితో రుద్దుతూ,
నేనేమీ అడగకముందే,
మూడో కొలిమి తలుపు ఎటువైపు తెరుచుకునేదో
చెప్పడం మొదలుపెట్టాడు.